ఎవరు చెప్పిండ్రు?

నిన్న బస్సు మారడానికి మిర్యాలగూడలో దిగగానే రైసు మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనకు ఎవరికైనా ఆకలి పుడుతుంది. నాకు మాత్రం నర్సయ్య సారు అడిగిన ఒక ప్రశ్న గుర్తొస్తుంది.

ఎనభైల చివర్లో అక్కడి డిగ్రీ కాలేజీలో ఆయన మాకు చరిత్ర చెప్పేవారు. చరిత్ర కళా, సామాజిక శాస్త్రమా అని మొదటి రోజే అడిగారు. రెండూనని గైడులో ఉన్నది గడగడా అప్పజెప్పాను. "గిట్ల రాస్తే మార్కులొస్తయి బిడ్డా, చరిత్ర రాదు," అన్నారు. పుల్లవిరుపు మాటే కానీ మనసు మెత్తన. ఆ ఏడే మమ్మల్ని మిల్లు కూలీల వాడకు పంపి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మన్నారు.

నాకు యాదమ్మ దొరికింది. మిల్లులో వడ్ల బస్తాలు కూలి ఆమె తల్లి చనిపోయింది. "పొద్దుగాల పనికి పోయింది, బువ్వయాళ్లకు పీనుగను తెచ్చిండ్రు. గంతే చెల్లె," అంది. అంతే రాస్తే ఏం బాగుంటుంది? నాకేమో కథలు రాసే పిచ్చి. బస్తాల కింద నుంచి తల్లి "యాదీ" అని పిలిచి కన్నుమూసిందని చేర్చాను. కాలేజీ సభలో చదివితే చప్పట్లే చప్పట్లు. సారు పిలిస్తే వచ్చి ముందు వరుసలో కూర్చున్న యాదమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నన్ను పిల్సిందని నాకెవ్వరు చెప్పలే," అంది.

సారు నన్ను పక్కకు తీసుకెళ్లారు. "నీకెవరు చెప్పిండ్రు?" నేనే చేర్చానన్నాను. ఆయన కోప్పడలేదు. "మంచిగ రాసుడు కళనే. కానీ ఆ చావు ఆమెది, నీది కాదు. రేపు పోయి నిజం చెప్పి రా."

వెళ్లాను. యాదమ్మ చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. "ఇంకేమన్న అన్నదా మా అమ్మ?" అని అడిగింది. లేదక్కా అని లేచి వచ్చేశాను. సారుకు మాత్రం నిజం చెప్పేశానన్నాను. ఆయన నమ్మి, "ఇగ నువ్వు చరిత్ర రాయొచ్చు," అని భుజం తట్టారు. తొంభైల్లో ఆయన సూర్యాపేటలో పోయారు. ఆ అబద్ధం ఆయన దగ్గర ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు చాల్లేదు. సిగ్గుతో ఇప్పటికీ చచ్చిపోతున్నాను.

కోదాడలో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలు ఏం రాసుకొచ్చినా ఆ ప్రశ్నే వేశాను. నిన్న బస్టాండులో యాదమ్మే నన్ను గుర్తుపట్టింది. పక్కన డిగ్రీ చదివే మనవరాలు. "మా అమ్మ ఆఖరి మాట రాసింది ఈ మేడమే," అని మురిసిపోతూ చూపించింది. ఆ పిల్ల నా వంక ఆసక్తిగా చూసింది.

"మీకెవరు చెప్పిండ్రు మేడం?"

కోదాడ బస్సు వచ్చింది. యాదమ్మ ముఖంలో ఆ మురిపెం చూసి, ఎక్కేశాను.