బావ వరండాలోని ఎర్ర సిలిండర్లు

ఆ పొద్దు ముసురు పట్టింది. పత్తి జిన్నింగు మిల్లులో తడిసి గడ్డకట్టిన ఇసుకను తీసేసి, మంటలార్పే ఎర్ర బకెట్లలో పొడి ఇసుక పోస్తున్నాను. మిల్లు ఆఫీసుకు ఫోనొచ్చింది. కూలీల మేస్త్రీ ముకాదం గొడుగు పట్టుకొని వచ్చి మరాఠీలో "తుమ్చే భావుజీ గేలే" అన్నాడు. మా అక్క మొగుడు, నాకు పని నేర్పిన మనిషి, పోయాడు. చేతిలోని బకెట్టు నింపి లేచాను.

బావ ఇంటి గల్లీ మొదట్నుంచే వచ్చినవాళ్ల చెప్పులు కనబడ్డాయి. నేను పోతే ఇంతమంది వస్తారా అనుకున్నాను. బావ గురించి రాస్తూ ఈ మాట దాచిపెడితే మిగతాదంతా మీరు నమ్మనక్కరలేదు.

మాది మాండవి దగ్గర పల్లె. పత్తి కలిసిరాక నాందేడ్ వచ్చి బావ దుకాణంలో చేరాను. మంటలార్పే సామాను నింపడం, బాగుచేయడం ఆయన పని. కొన్నేళ్లకు పక్క సందులో నేనూ దుకాణం పెట్టాను. బోర్డు నాదే పెద్దది. గిరాకీలు నా బోర్డు కింద నిలబడి ఆయన దుకాణం ఎక్కడని నన్నే అడిగేవారు. మా నాయన ఊరినుంచి వచ్చినా మొదటి చాయ అక్కడే తాగేవాడు.

కంప్యూటర్ గదుల్లో అప్పట్లో హాలాన్ గ్యాసు ఉండేది. నీళ్లతో పనిలేదు, మరక పడదు, మంట చస్తుంది. బావ పళ్లెంలో డీజిల్ అంటించి, ఆ గ్యాసుతో ఒక్క ఊపున ఆర్పి చూపేవాడు. ఆఫీసర్లు చప్పట్లు కొట్టేవారు. నేను చేస్తే, "అచ్చం మీ బావ లెక్కనే" అనేవారు.

తర్వాత రూలొచ్చింది. ఆ గ్యాసు ఆకాశంలోని ఓజోన్ పొరను తింటుందట. చూపించడానికో, పరీక్షకో వదలొద్దు. తీసేసిన సిలిండర్లను గాలిలోకి ఖాళీ చేయొద్దు, గ్యాసును తిరిగి పట్టి దాచే చోటికి పంపాలి. బావ ఆ పూటే డీజిల్ పళ్లెం అటకెక్కించాడు. తమాషా పోయింది, ఇక ఈయన గిరాకీ తగ్గుతుందని సంబరపడ్డాను. తగ్గలేదు. ఉత్తగా సిలిండర్ తూకం వేసి, గ్యాసు ఒత్తిడి ముల్లు చూసి వచ్చినా జనం ఆయన్నే పిలిచారు.

ఒక బ్యాంకులో పాత హాలాన్ తీసేసే పని పడింది. ఆ పని అడగడానికి ఇద్దరం పోయాం. ఒక్క రోజులో తీసుకుపోతానన్నాను.

"తీసి ఎక్కడ పెడతావు?" అన్నాడు మేనేజర్.



"మా వరండల," అన్నాడు బావ.

పని ఆయనకే పోయింది. మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు గూడ రా బామ్మర్దీ, ఒక్కన్ని లేపలేను."

పైపు విప్పాక మూతికి మూత బిగించనిదే సిలిండర్‌ను కదలనిచ్చేవాడు కాదు.

"గిన్నేండ్ల గ్యాసు బావా, ఇంక ఉన్నదో లేదో."

"లేదనుకున్నదే గ్యాసు తన్ని ఎగిరొచ్చి కాలిరగ్గొడ్తది. బిగియ్యి."

ఒకటి నేను బిగించాను. మిగతావి ఆయన బిగించాడు. వాటిని వరండా స్తంభానికి గొలుసుతో నిలువుగా కట్టాడు. చుట్టుపక్కల ఊళ్లవి కూడా పోగైతేనే లారీ వస్తుందన్నారు గ్యాసు దాచేచోటివాళ్లు. అది రాలేదు. అక్క వాటిమీద తువ్వాళ్లు ఆరేసేది.

"ఏం బావా, ఎడ్లకు గడ్డేసినవా?" అనేవాణ్ని.

"ఏసిన. నీ లెక్కనే గుర్రుగ చూస్తున్నయ్."

దినాలైనాక అక్క బోధన్‌లో బిడ్డ దగ్గరికి పోవడానికి ఇల్లు ఖాళీ చేస్తోంది. పాత సామాను కొనేవాడొకడు వచ్చాడు. సిలిండర్ల ఇత్తడి తలలు కావాలట. "గ్యాసు ఇడిసిపెడితే అయిపాయె, ఎవలు చూడొచ్చిండ్రు?" అన్నాడు.

అక్క నావైపు తిరిగింది. "మీ బావ ముందే చెప్పిండు తమ్మీ."

"ఏమని?"

"'అవి నీ తమ్మునికే అప్పజెప్పు. వానికి కుళ్లు నా మీదనే, పని మీద లేదు' అన్నడు."

ఆయనకు తెలుసు. తెలిసే నాకు పని నేర్పాడు, తెలిసే బ్యాంకుకు తోలుకపోయాడు. దానికీ కుళ్లుకున్నాను. వచ్చినవాణ్ని పొమ్మని, సామాన్లు సర్దే అక్కను ఆగమన్నాను. లారీవాళ్లకు రోజూ ఫోన్ చేశాను.

లారీ వచ్చింది. డ్రైవరు బావ ఎక్కడని అడిగాడు. పోయాడని చెప్పాను. అతను మూతలు ఒక్కొక్కటి తిప్పి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. "ఆయన చెయ్యి పడ్డ పని ఇట్లనే ఉంటది," అన్నాడు. అందులో ఒకటి నాది. ఏది నాదో నాకూ తెలియలేదు.

వరండా బండల మీద గుండ్రటి తుప్పు మరకలు మిగిలాయి. అక్క నీళ్లు పోసి చీపురుతో రుద్దింది. పోలేదు.

లారీ పొద్దున పోయింది. అక్క మధ్యాహ్నం బస్సుకు బోధన్ పోయింది.