బుచ్చయ్య తుడిచిన ఫిల్ము

సిద్దిపేటలో ఒక కాలేజీలో బుచ్చయ్య ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. నారాయణరావుపేట నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. గాజు సామాను మీద దుమ్ము కనబడితే అతని చెయ్యి ఊరుకునేది కాదు.

తొంభై ఏడులో అక్కడి ఫిజిక్స్ లెక్చరర్ ప్రమీల మేడం పదిరోజుల కోసం హైదరాబాదు నుంచి ఒక లేజరు అడిగి తెచ్చింది. తాను చేత్తో గీసిన వంకర గీతల బొమ్మను ఫొటో స్టూడియోలో గోరంత ఫిల్ము మీదికి ఎక్కించింది. లేజరు కాంతి ఆ ఫిల్ములోంచి పోతే ఉంగరంలా మారేది. ఆ ఉంగరాన్ని మైక్రోస్కోపు కింది నీటిచుక్కలోకి దింపితే నల్లటి రేణువొకటి దాని నడుమ చిక్కి, కాంతి ఎటు జరిగితే అటే జరిగేది. మైక్రోస్కోపుకు తగిలించిన టీవీ తెర మీద దాన్ని మొదట చూపించింది బుచ్చయ్యకే.

"దారం లేదు, సూది లేదు. ఎట్ల పట్టుకున్నరు మేడం?"

"వెలుతురే పట్టుకున్నది బుచ్చయ్యా."

ప్రొఫెసర్లు చూడడానికి వచ్చే రోజు పొద్దున బుచ్చయ్యకు ఫిల్ము మీద మరక కనిపించింది. తడిగుడ్డతో గట్టిగా తుడిచాడు. మరకతో పాటు గీతలున్న సన్నటి పొర కూడా లేచి వచ్చింది. ఫిల్మును ఎప్పటిలా చట్రంలో పెట్టి బయటికి వచ్చేశాడు.

ఆరోజు ఉంగరం కుదరలేదు, రేణువు నిలవలేదు. గంటసేపు అద్దాలు జరిపి జరిపి మేడం, "నాకే సరిగ్గ అమర్చొస్తలేదు సార్" అంది. చాయ్ కప్పులతో తలుపు దగ్గరున్న బుచ్చయ్య తల వంచుకున్నాడు.

లేజరు వెళ్లిపోయింది. మేడం ల్యాబుకు రావడం మానేసింది. బుచ్చయ్యకు బువ్వ సహించడం లేదు.

"పోయి చెప్పరాదు?" అంది, సంగతి విన్న భార్య చంద్రవ్వ.

"నౌకరి పోతే?"

రెండు నెలలకు ధైర్యం చేసి చెప్పేశాడు. మేడం సొరుగు తీసి, తాను గీసిన బొమ్మను బల్ల మీద పెట్టింది.

"బొమ్మ నా సొరుగులనే ఉండె బుచ్చయ్యా. అప్పుడే చెప్తే మధ్యాహ్నానికి ఇంకో ఫిల్ము చేపించుకుందును. ఇన్ని దినాలు నా చేతులకే రాదనుకున్న."

ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. లేజరు కోసం హైదరాబాదుకు మళ్లీ రాసింది, వాళ్లు ఇవ్వలేదు. మరుసటి ఏడు బదిలీ అయ్యేదాకా రోజూ "బాగున్నవా బుచ్చయ్యా" అని పలకరిస్తూనే ఉంది. ఒక్కసారైనా తిడితే బాగుండునని అతను చంద్రవ్వతో అనేవాడు.