సుద్దగీత అవతల

బళ్లో పిల్లలు ఆయన్ని 'గాజులాయన' అనేవాళ్లు. గాజులమ్మే మనిషి కాదు సుమండీ! హైస్కూల్లో సైన్సు ల్యాబు చూసుకునేవాడు. ఇరవై రెండేళ్లుగా బీకర్లూ, ఫ్లాస్కులూ, టెస్ట్‌ట్యూబులూ తుడిచి తుడిచి అరల్లో పేర్చడమే ఆయన ఉద్యోగం. చేరిన నెలలోనే ఎవరో పిల్లాడు బీకరు జారవిడిస్తే, అప్పటి పెద్దమాస్టారు అందరి ముందూ ఈయన్ని పట్టుకుని దులిపేశాడు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు! తన చేతికింద ఇక ఒక్క గాజుముక్క పగలకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. నిలబెట్టుకున్నాడు కూడా. ప్రయోగమంటే మాస్టారు బల్ల దగ్గర చేయడం, పిల్లలు గీత అవతల నిలబడి చూడడం. ఆ గీత రోజూ పొద్దున్నే సుద్దముక్కతో ఆయనే గీసేవాడు.

ఆ ఏడు బడి మంచిచెడ్డలు తేల్చడానికి పైనుంచి ఒకావిడ వస్తోందన్నారు. బలాలు ఒక పక్క, లోపాలు ఒక పక్క రాస్తుందట. అక్కర్లేదని రాసిన పోస్టు ఎత్తేస్తారట. ఆయన గుండెల్లో రాయి పడింది. పాపం, తుడవడం తప్ప ఇంకో పని తెలిస్తేగా!

"లైబ్రరీ కప్పు కారుతోంది, లెక్కల మాస్టారు లేడు, మరుగుదొడ్ల సంగతి సరేసరి. చూపించుకోవడానికి మిగిలింది నీ ల్యాబేనయ్యా. పరువు నిలబెట్టు," అన్నాడు ఇప్పటి పెద్దమాస్టారు.

వారం రోజులు తిండీ తిప్పలూ మరిచి తుడిచాడు. ఆవిడ రానే వచ్చింది. అరలన్నీ తిరిగి చూసింది.

"ఈ ఏడాది ఎన్ని పగిలాయి?"

"ఒక్కటి కూడా లేదు మేడమ్! ఇరవై రెండేళ్లలో పగిలింది ఒక్కటంటే ఒక్కటి, అదీ నేను చేరిన నెలలో!"

ఆవిడ పదో తరగతి అమ్మాయిని పిలిచి, టెస్ట్‌ట్యూబులో నీళ్లు వేడిచేసి చూపించమంది. ఆ పిల్ల గీత దాకా వచ్చి ఆగిపోయింది.

"రామ్మా, భయమెందుకు?"

"ముట్టుకోవడం రాదు మేడమ్. మాకు చూడ్డమే వచ్చు."

గాజులాయనకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ బల్ల మీదే కాగితం పెట్టి రాసింది, పక్కనే ఉన్నాడు కాబట్టి కనబడింది. బలాల కింద: గాజు సామాను చెక్కుచెదరలేదు. లోపాల కింద: ల్యాబు వాడకంలో లేదు, ఇక్కడ మనిషి అనవసరం.

సాయంత్రం ఇంట్లో కూతురు దగ్గర కూలబడ్డాడు. చిన్నప్పుడు నర్సునవుతానని కలవరించిన పిల్ల, ఇప్పుడు బట్టల కొట్లో బిల్లులు కొడుతోంది. ఆమె చదివిందీ ఆ బళ్లోనే.

"కంటికి రెప్పలా కాచుకున్నానే తల్లీ. నేను చేసిన తప్పేంటో నువ్వైనా చెప్పు."

ఆమె తండ్రి చేతులకేసి చూసింది.

"ఐదేళ్లు ఆ గీత అవతలే నిలబడ్డాను నాన్నా. నాక్కూడా ఒక్కసారి బీకరు చేతికివ్వలేదు నువ్వు."

 

మర్నాడు పొద్దున్నే వెళ్లి అలమరా తలుపులు బార్లా తీశాడు. గీత గీయలేదు. పాతదాన్ని కూడా తడిగుడ్డతో తుడిచేశాడు.

"రండర్రా, లోపలికి రండి. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోండి," అన్నాడు.

పిల్లలు బిలబిలమంటూ వచ్చి, ఎప్పుడూ నిలబడే చోటే ఆగిపోయారు.