వేప కషాయానికి గంట గడువు

మా ఆవిడకు ఉబ్బసం. ఏలూరులో మా వీధి సంఘం దోమల కోసం పొగ మిషను అద్దెకు తెచ్చిన ప్రతి సాయంత్రం ఆవిడ తలుపులన్నీ బిగించి, తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మంచం పట్టె పట్టుకుని కూర్చునేది. పొగ చూస్తే వీధికి ధైర్యం. మర్నాటికి దోమలు మళ్లీ హాజరు. ఎందుకంటే పొగ ఎగిరే దోమను చంపుతుంది గానీ మురుగు కాలువ నీళ్లలో ఉన్న దాని పిల్లను ముట్టదు. ఈ మాట ఎన్నిసార్లు అన్నా, "పొగైతే కనపడుద్ది కదండీ" అనేవారు సంఘం అధ్యక్షులు.

అందుకే ఆ ఆదివారం మీటింగుకు రెండు గాజు సీసాలతో వెళ్లాను. రెండింటిలోనూ మా కాలువ నీళ్లే, మెలికలు తిరిగే దోమపిల్లలే. గుండుగొలను దగ్గర రోడ్డు పక్కన ఏరుకొచ్చిన వేపగింజలు దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నానబెట్టి పిండిన కషాయం ఒక సీసాలో పోశాను.

"ఇది కాలువలో పోద్దాం. మిషను ఆపుదాం," అన్నాను.

అందరూ వంగి చూశారు. రెండింట్లోనూ దోమపిల్లలు హాయిగా ఈదుతున్నాయి.

"టానిక్కులా పడినట్టుందండీ," అన్నారు కొల్లేరు పక్కన చేపల చెరువులున్న ఒకాయన. "మా చేపపిల్లలక్కూడా ఇంత ఇప్పించండి, బలుస్తాయి." హాలంతా నవ్వులు.

వేప అలా చంపదు. పిల్లను కుబుసం విడవనివ్వదు, ఎదగనివ్వదు. దానికి రోజులు పడుతుంది. ఆ సంగతి చెప్పబోతే అధ్యక్షులు చెయ్యెత్తారు.

"గాల్లోంచి విబూది తీసే బాబాగార్ని ఇదే హాల్లో నిలదీసింది మీరే కదండీ? రేపంటే కుదరదు, ఇప్పుడే చూపించు అన్నారు. మీకూ గంటేనండీ గడువు."

జవాబు నా దగ్గర ఉంది. గుప్పిట్లో విబూది ఉందో లేదో చూడటానికి క్షణం చాలు. పురుగు ఎదుగుతుందో లేదో చూడాలంటే అది ఎదగాల్సినంత కాలం ఆగాలి. కానీ నవ్వుతున్న జనం చెవికి అంత పొడుగు వాదన ఎక్కదు.

సాయంత్రం అధ్యక్షులే మా ఇంటికొచ్చారు. మనిషి మంచివారు.

"ఒక్క మాటండీ. వేప అమ్మవారి చెట్టు అందాం. చర్చికెళ్లేవాళ్లకి దేవుడి సృష్టి అందాం. రేపే మిషను ఆగిపోద్ది. అమ్మగారి ఊపిరి కదండీ ముఖ్యం?"

"అననండీ. రేపు ఇంకెవరో తుమ్మచెట్టుకు మహిమ అంటగడితే అదీ తెచ్చి పోస్తారా?"

గుమ్మంలోంచి మా ఆవిడ అంది: "మీ సిద్ధాంతానికి ఊపిరి అక్కర్లేదు. నాకు కావాలి."

గుచ్చుకుంది. అయినా లొంగలేదు. "అబద్ధంతో ఆపిన మిషను ఇంకో అబద్ధంతో మొదలవుతుంది," అన్నాను.

ఆవిడ సీసాల మూతులకు పల్చటి గుడ్డ కట్టి, తీసుకెళ్లి వీధి అరుగు మీద పెట్టింది. పక్కనే కుర్చీ వేసుకుంది. పాలకు వెళ్లేవాళ్లూ, ప్రార్థనకు వెళ్లేవాళ్లూ ఆగి చూడసాగారు.

"ఇంకా ఈదుతున్నాయేంటండీ?"

"రేపు కూడా రండి, చూద్దురుగాని."

వారం తిరిగేసరికి ఉత్త నీళ్ల సీసాలో గుడ్డ కింద దోమలు గుయ్యిమంటున్నాయి. వేప పోసినదాంట్లో దోమపిల్లలు చాలావరకు అడుగున నల్లగా పడి ఉన్నాయి.

"గెలిచారండీ," అన్నారు అధ్యక్షులు.

"అన్నీ చావలేదు, చూడండి. మళ్లీ మళ్లీ పోస్తుండాలి. కాలువలో చెత్త తియ్యకపోతే ఇదీ దండగే."

"గెలిచాక కూడా పేచీయేనా!" అని తల పట్టుకున్నారు గానీ, మిషను మా వీధికి రాకుండా ఆపించారు.

ఆ సాయంత్రం అది పక్క వీధిలో మోగింది. పొగ గోడ దాటి వచ్చింది. మా ఆవిడ దగ్గుతూ కిటికీ మూసి, నా చొక్కా అందించింది.

"ఆ వీధికీ వెళ్లండి. కాస్త మెత్తగా మాట్లాడండి."

వెళ్లాను. మెత్తగా మాత్రం మాట్లాడలేదు.