ఎండని చెవి

నా ఎడమ కర్ణభేరికి చిల్లు పడింది. ముప్పై ఏళ్ళు రైల్వే షెడ్డులో ఇంజన్లు రిపేరు చేసిన వాణ్ణి, చివరికి నేనే రిపేరుకొచ్చాను. "మీ అబ్బాయి సగం మాటలే ఇంటారత్తా, ఆ సగం కూడా ఆయనకి నచ్చినవే" అని మా ఆవిడ మా అమ్మ దగ్గర ఫిర్యాదు చేసేది.

పక్షవాతం వచ్చాక అమ్మ గొంతు సన్నబడిపోయింది. నా కుడిచెవి షెడ్డు మోతకి ఎప్పుడో మొద్దుబారింది. అమ్మ మాట వినాలంటే ఎడమచెవి బాగుపడాల్సిందే. మేముండే ఈ హిందీ ఊళ్ళోనే, సర్కండా పేటలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆయన కాగితం మీద రెండు బొమ్మలు గీశారు. చెవి పైన కండరాన్ని కప్పిన పల్చటి పొర తీసి చిల్లుకి లోపలినుంచి అతికించడం ఒక పద్ధతి. చెవి ముందుండే మెత్తటి ఎముకని పల్చగా చెక్కి పెట్టడం రెండోది. పొర అసలు భేరిలాగే కదులుతుందట, కానీ చీముపట్టే చెవిలో ఒక్కోసారి నిలవదట. ఎముక గట్టిది. రెండిటికీ వినికిడిలో పెద్ద తేడా ఉండదన్నారు. షెడ్డు బుద్ధి కదా, గట్టి అతుకే అడిగాను.

"ఏదైనా ముందు చెవి ఎండాలి. చుక్క నూనె కూడా వెయ్యకండి" అన్నారు.

"సెవి కోత్తారేటి? ఎల్లుల్లి నూనుండగా ఆపరేసనేటిరా!" అంది అమ్మ, పెదాలు చూస్తే అర్థమైనంత వరకు. మా ఆవిడ చేత ఆవనూనెలో వెల్లుల్లి వేసి కాయించి, పనిచేసే ఆ ఒక్క చేత్తో నా చెవిలో పోసేది. వంట పోయింది, నడక పోయింది. అమ్మకి మిగిలిన పని నా చెవి ఒక్కటే. వద్దనలేక ఒళ్ళో తల పెట్టేవాణ్ణి. నూనె నిండిన చెవిలో ఏదో చెప్పేది. బుడబుడ తప్ప ఏమీ వినపడేది కాదు. "అచ్ఛా అమ్మా" అనేవాణ్ణి.

డాక్టరు రెండుసార్లు వాయిదా వేశారు. "నూనె వేస్తున్నారా?" అంటే లేదన్నాను. చిరిగిన పొరా నాదే, పొరపాటూ నాదే.

వానాకాలంలో అమ్మ పోయింది. నూనె పోసేవాళ్ళు లేక కొన్నాళ్ళకే చెవి ఎండింది. ఆపరేషన్ అయింది, అతుకు నిలిచింది. డాక్టరు అభినందించారు.

మొన్న మా ఆవిడ నూనెగిన్నె తోముతూ, నాకు ఎడమపక్క నుంచి, మెల్లగా అడిగింది:

"ఆకర్న అత్త మీ సెవిలో ఏటి సెప్పేదండీ?"

ప్రతి అక్షరం వినపడింది.


"అచ్ఛా అనేవాణ్ణి" అన్నాను.