కమ్లికి అప్పగించిన మేకలు

దసరా వెళ్లగానే ఎల్లారెడ్డి పట్టణం దగ్గరున్న ఆ తండా సగం ఖాళీ అవుతుంది. భార్యాభర్తలు ట్రాక్టర్లెక్కి, మద్నూర్ దాటి, మహారాష్ట్రకు చెరకు నరకడానికి వెళ్తారు. కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ ఒంటరి మనిషిని తీసుకోడు. ఒకరు నరుకుతుంటే ఇంకొకరు మోపులు కట్టాలి. మేకల కోసమో ఇంటి కాపలాకో భార్య ఆగిపోతే భర్తకూ పని దొరకదు.

కమ్లి కూడా పదకొండేళ్లు అలాగే వెళ్లింది. భర్త రామ్‌సింగ్ పోయాక జోడీ లేక ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడు పక్కింటి మాలతి తన మేకలను తెచ్చి కమ్లి వాకిట్లో కట్టేసి, "అక్కా, నువ్వున్నవని ధైర్యంగ పోతున్న" అంది. మరుసటేడు ఇంకో మూడిళ్లవాళ్లు తెచ్చారు. తర్వాత్తర్వాత అడగడం కూడా మానేశారు. పక్క తండాల్లో ఇంటికొకరు ఆగిపోయి ఇద్దరికీ పని లేకుండా పోతుంటే ఇక్కడివాళ్లు మాత్రం ఇద్దరిద్దరూ వెళ్లి పని చేసుకునేవారు.

నిరుడు చలికాలంలో మేకలకు పారుడు రోగం తగిలింది. ముక్కులు కారాయి, మేత ముట్టలేదు. కమ్లి డాక్టరును పిలిపించింది, పక్కనే కూర్చుని గంజి తాగించింది. అయినా తొమ్మిది చచ్చిపోయాయి. వాటిలో మాలతివి నాలుగు. ఫోన్ చేసి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అమ్ముకుని అబద్ధమాడుతోందని అనుకుంటే? చచ్చిన ప్రతి మేక చెవినీ కోసి, ఉప్పు రాసి, ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టింది.

ఉగాది ముందు మాలతి, ఆమె భర్త ప్రేమ్‌సింగ్ తిరిగి రాగానే ఆ మూట విప్పి వాళ్ల ముందు పెట్టింది. ప్రేమ్‌సింగ్ చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

"గివెందుకు దాసినవ్ వదినా? నిన్ను మేం సాక్ష్యం అడిగినమా?"

కమ్లి అక్కడే కూలబడి ఏడ్చింది. అతనే ఆ మూట తీసుకెళ్లి చేను గట్టున పూడ్చి వచ్చాడు.

ఈసారి దసరాకు ముందే కమ్లి అందరికీ చెప్పేసింది. "నాతోని గాదు. మల్ల గట్లయితే నా పానం తట్టుకోదు." ఆ వారమంతా తండాలో ఏ ఇంట్లో చూసినా వెళ్లాలా, ఆగిపోవాలా అన్న మాటే. ట్రాక్టర్లు వచ్చే ముందు రోజు, కొత్తగా కొన్న రెండు మేకలను తోలుకుని మాలతి వచ్చింది.

"వద్దన్న గద మాలతీ."

"సావొస్తే నా దగ్గరున్నా సస్తయక్కా. నువ్వు గంజి తాగిపిచ్చుకుంట పక్కల కూసున్నవంట. నేనైతే గంత చేద్దునో లేదో."

"మల్ల పోతే?"

"పోయినయని చెప్పు. నమ్ముత."

కమ్లి తాడు అందుకుంది. అది చూసి మిగతావాళ్లూ వచ్చారు. సాయంత్రానికి వాకిట్లో ఇరవై మూడు మేకలయ్యాయి.

ట్రాక్టర్లు వెళ్లిన మర్నాడు టీకాల కోసం వాటన్నిటినీ ఎల్లారెడ్డి పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లింది. "ఇన్ని మేకలూ నీవేనా?" అని డాక్టరు అడిగాడు. కమ్లి ఒక్కొక్క దాని వీపు మీద చెయ్యేసి, అది ఎవరిదో చెప్పసాగింది.