మా అత్త నోరు విప్పిన రోజు

మా అత్త హెర్మెలిందా నోరెలాంటిదో ఊరందరికీ తెలుసు. తొర్తియా రొట్టెలు మాడాయని నన్ను తిడితే వాగు అవతలికి వినిపించేది. అలాంటి మనిషి, సత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరమైన రొట్టె, ఉన్న వెండి డబ్బీ మెడలో వేసుకుని రోగుల ఇళ్ళకు బయలుదేరితే మాత్రం పెదవి విప్పేది కాదు. ప్రభువును మోసుకెళ్తూ కబుర్లేమిటని ఆవిడ పట్టుదల. దారిలో పాము కనిపించినా నా జబ్బ గిల్లి చూపించిందే తప్ప కేక వెయ్యలేదు. కొవ్వొత్తి పట్టుకుని వెనక నడిచే కోడలిని నేను. ఆ గిల్లుళ్ళన్నీ నాకే.

ఆ ఏడాది లెంపీరా కొండల్లోని ఒకే ఫాదర్ కింద ఉన్న ఊళ్ళన్నీ కలిసిన మా విచారణ రెండుగా చీలింది. ఫాదర్ లియోకాదియో తాగుడే కారణం. నడిమి ఊరి నికనోర్ తన కూతుర్ని పూడ్చుకుంటున్న రోజున ఫాదర్ తూలుతూ వచ్చి, ఆ పసిదాని పేరు కూడా తప్పు చదివాడు. నికనోర్ కోపం న్యాయమైనదే. నాకూ కడుపు మండింది. కానీ అతను అక్కడితో ఆగలేదు. మచ్చలేనివాళ్ళ గుడి అంటూ మాకూ పై ఊరికీ మధ్యనున్న ఆ నడిమి ఊళ్ళో రేకుల షెడ్డు వేశాడు. సగం జనం అటే పోయారు. ఫాదర్ చేతి మీదుగా వచ్చేదేదీ తమ ఊరి మీదుగా పోకూడదని బాటకు అడ్డంగా దుంగ పడేశారు. ఇది తప్పురా అన్నందుకు, పై ఊళ్ళో కూతురి దగ్గరున్న కన్నతల్లి త్రాన్సితోతో కూడా నికనోర్ మాటలు మానేశాడు.

వానాకాలంలో ఒక ఉదయం అడ్డదారిన మనిషి వచ్చి కబురు చెప్పాడు. త్రాన్సితోకి ఊపిరి అందడం లేదు, చివరి సత్ప్రసాదం అడుగుతోంది. ఫాదర్ కనిపిస్తే రాళ్ళేస్తామన్నారు గనక అత్తే బయలుదేరింది. ఆవిడ ముసలి మోకాళ్ళకు ఆ అడ్డదారి ఎక్కడం అయ్యే పని కాదు గనక బాటనే పట్టాం.

దుంగ దగ్గర నికనోర్ కత్తి పట్టుకుని నిలబడ్డాడు. వెనక నలుగురు మగాళ్ళు.

"వెనక్కి పో పిన్నీ. ఆ తాగుబోతు ముట్టుకున్న రొట్టె ఇటు పోదు."

అది ఎవరి కోసమో అతనికి తెలియదు. ఒక్క మాట చెబితే చాలు. నేను నోరు తెరవబోయాను. జబ్బ మీద గిల్లు పడింది.

"మీవాళ్ళు వేరు, మావాళ్ళు వేరు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు నికనోర్.

వాన పెద్దదైంది. పైన ఆ ముసలామె ఎంతసేపు ఆగుతుంది? అప్పుడు అత్త గొంతు వినిపించింది.

"మీ అమ్మకిరా. పోయేలా ఉంది."

నికనోర్ ముఖం పాలిపోయింది. మరుక్షణం నవ్వాడు.

"డబ్బీ మెడలో ఉంటే నువ్వు మాట్లాడవని పసిపిల్లల్నడిగినా చెబుతారు. మాట్లాడావంటే అది ఖాళీయే. నాటకాలు నా దగ్గరా?"

ఇన్నేళ్ళ నియమం ఆవిడ మీదికే తిరిగింది. ఆ దౌర్భాగ్యానికి నాకు ఏడుపొచ్చింది.

అత్త దుంగ మీద తెల్లగుడ్డ పరిచి, డబ్బీ పెట్టి, బురదలో మోకాళ్ళూనింది. నొప్పికి ఆవిడ ముఖం ముడుచుకుపోయింది.

"నా నియమం తప్పాను, నిజమే. నేను తప్పితే ప్రభువు పవిత్రత పోతుందట్రా? లియోకాదియో తాగుబోతే, కాదనను. నీకు జ్ఞానస్నానం ఇచ్చిన చేతులూ అవే. దాన్నీ కడిగేసుకుంటావా, చెప్పు!"

వెనకున్న మగాళ్ళలో ఒకడు టోపీ తీశాడు. నికనోర్ డబ్బీ వంకే చూస్తూ కత్తి కింద పెట్టాడు.

"డబ్బీ తీసుకో పిన్నీ," అన్నాడు చివరికి. అత్త తీసుకోగానే దుంగకు భుజం ఆనించి పక్కకు దొర్లించి, మా వెంటే కొండెక్కాడు.

త్రాన్సితో ఇంకా ప్రాణంతోనే ఉంది. మింగలేకపోతుంటే అత్త సత్ప్రసాదం విరిచి, చిన్న ముక్క నీళ్ళతో ఇచ్చింది. ఎంత చిన్న ముక్కలోనైనా ప్రభువు పూర్తిగానే ఉంటాడు. ముసలామె మిగిలిన ముక్క వైపు చూసింది, తర్వాత కొడుకు వైపు.

"అది వాడికి."

"పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తన చెయ్యకుండా ఎలా తీసుకోనమ్మా?"

"అయితే వెళ్ళి చెయ్యి."

ఎవరి దగ్గరో ఆ గదిలో అందరికీ తెలుసు. పాపాలు విని క్షమించడానికి ఈ కొండకంతా ఉన్నది ఒక్క ఫాదరే. నికనోర్ తల్లి చెయ్యి వదిలి లేచాడు.

మిగిలిన ముక్కతో కొండ దిగాం. అత్త మళ్ళీ మాట్లాడలేదు. నికనోర్ టోపీ చేత్తో పట్టుకుని, తల తడుస్తున్నా ముందు నడిచాడు. ఫాదర్ ఇంటి ముందు చెయ్యెత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తి తలుపు తట్టాడు.

"ఎవరదీ?"

ఫాదర్ గొంతు ముద్దగా ఉంది. పట్టపగలే తాగాడు. నికనోర్ దవడలు బిగుసుకున్నాయి. ఇక వెనక్కి తిరుగుతాడనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

"మనవాళ్ళమే ఫాదర్," అంది నికనోర్ గొంతు. "తలుపు తియ్యండి."